కెమెరా ఎవరి చేతిలో ఉంది?

1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్మిత్-కెటిల్‌వెల్ సంస్థలో పళ్ల డాక్టరు కుర్చీ ఒకటి పరిశోధనశాలకు చేరింది. పాల్ బాక్-ఇ-రీటా అనే శాస్త్రవేత్త, ఆయన బృందం దాని వీపు ఆనే భాగంలో 20 వరుసల్లో, వరుసకు 20 చొప్పున 400 చిన్న బొడిపెలు బిగించారు. పక్కన స్టాండు మీద ఒక టీవీ కెమెరా. కెమెరా ముందున్న దృశ్యంలో వెలుగు పడినచోటికి సరిపోయే బొడిపె వీపు మీద జుయ్యిమని అదురుతుంది. చీకటి ఉన్నచోట బొడిపె ఊరుకుంటుంది. కుర్చీలో కూర్చునేవాళ్లు చూపు లేనివాళ్లు. వాళ్ల వీపు మీద 400 చుక్కలతో ఒక బొమ్మ అదురుతూ ఉంటుంది.

మొదట్లో వాళ్లకు తెలిసింది వీపు మీది అదురు ఒక్కటే. సాధన మీద నిలువు గీతకూ అడ్డగీతకూ తేడా తెలిసింది. ఆపైన వృత్తం, త్రిభుజం, చతురస్రం పోల్చుకున్నారు. తర్వాత టెలిఫోను, కప్పు, కుర్చీ లాంటి వస్తువుల దాకా వచ్చారు. ఇంకొంత సాధన చేశాక బల్ల మీద ఒకదాని వెనక ఒకటి పెట్టిన వస్తువుల్లో ఏది ముందుందో, ఏది సగం చాటున ఉందో చెప్పగలిగారు. 1969లో ఈ సంగతి నేచర్ పత్రికలో వచ్చింది.

చర్మంతో బొమ్మను పోల్చుకోవడం గొప్పే. అంతకంటే గొప్ప సంగతి కెమెరా దగ్గర బయటపడింది. కెమెరాను ఒకచోట బిగించేసి, ముందు వస్తువులు పెట్టి చూపిస్తే కూర్చున్నవాళ్లకు అది వీపు మీది అదురుగానే ఉండిపోయింది. కెమెరా పిడి వాళ్ల చేతికే ఇచ్చి, ఎటు కావాలంటే అటు తిప్పుకోమంటే కథ మారింది. కొంత సాధనయ్యాక వస్తువు వీపు మీద లేదు, ఎదురుగా బల్ల మీద ఉందని వాళ్లకు అనిపించసాగింది. ఒకసారి కూర్చున్న మనిషికి తెలియకుండా ఎవరో జూమ్ కటకాన్ని కదిపారు. బొమ్మ ఒక్కసారిగా పెద్దదైంది. ఆ మనిషి చేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గాడు. అదురు పుట్టింది వీపు మీద. వెనక నుంచి ఏదో తోసినట్టయితే ముందుకు వంగాలి కదా! అతను వెనక్కి జరిగాడంటే, అతని లెక్కన ఆ వస్తువు ముందునుంచి మీదికి వస్తోందన్నమాట.

చూపు లేనివాళ్ల కోసం గత వందేళ్లలో తయారైన యంత్రాలు చాలానే ఉన్నాయి. కొన్ని రోజువారీ బతుకులోకి వచ్చి నిలిచాయి. చాలా మటుకు వార్తల్లో మెరిసి మూలన పడ్డాయి. ఏది నిలిచింది, ఏది పోయింది అన్న లెక్క తీస్తే చుక్కల సంఖ్యకంటే, ఖరీదుకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఆ కుర్చీ దగ్గరే దొరుకుతుంది: కెమెరా ఎవరి చేతిలో ఉంది?

ఖాళీగా ఉండని గది

మెదడు వెనక భాగంలో, పుర్రె వెనక గోడకు ఆనుకుని దృశ్య కేంద్రం ఉంటుంది. కంటి నుంచి వచ్చే సమాచారం అక్కడికి చేరుతుంది. పుట్టుకతో చూపు లేనివాళ్లలో ఆ భాగం ఏం చేస్తూ ఉంటుంది? ఏ పనీ లేక పడి ఉంటుందనే చాలాకాలం అనుకున్నారు.

1996లో నొరిహిరో సడాటో బృందం బ్రెయిలీ చదువుతున్నవాళ్ల మెదళ్లను స్కాన్ చేసింది. వేళ్లు చుక్కల మీద కదులుతుంటే దృశ్య కేంద్రం చురుగ్గా పనిచేస్తోంది. మరుసటి ఏడాది మరో బృందం ఇంకో మెట్టు ఎక్కింది. బయటినుంచి అయస్కాంత క్షేత్రంతో ఆ భాగాన్ని కాసేపు తికమక పెడితే చిన్నప్పుడే చూపు పోయినవాళ్లు బ్రెయిలీలో తప్పులు చదివారు. 2000లో వెలువడిన ఒక రోగి వృత్తాంతం మరీ స్పష్టమైనది. పుట్టుకతో చూపు లేని ఒక స్పెయిన్ మహిళ బ్రెయిలీ బాగా చదివేది. పక్షవాతం వచ్చి మెదడులో రెండువైపులా దృశ్య కేంద్రాలు దెబ్బతిన్నాయి. అప్పటినుంచి వేళ్లకు చుక్కలు తగులుతున్నాయి గానీ అక్షరాలు తెలియడం లేదు. వస్తువుల్ని మాత్రం ఎప్పట్లాగే తడిమి పోల్చుకుంటోంది. ఎప్పుడూ ఏమీ చూడని ఆ దృశ్య కేంద్రం ఆమెకు చదవడానికి పనికొస్తూ వచ్చిందన్నమాట.

కాబట్టి వీపు, నాలుక, చెవి, వేలు, ఏ దారిన వచ్చిన సమాచారాన్నైనా మెదడు వాడుకోగలదు. అయితే ఏ దారిలో ఎంత పడుతుంది అన్నది వేరే లెక్క.

నాలుక మీద, చెవి లోపల

400 బొడిపెల కుర్చీని వీధిలోకి తీసుకెళ్లలేం. అందుకని బాక్-ఇ-రీటా చివరికి నాలుకను ఎంచుకున్నాడు. నాలుక మీద స్పర్శ నాడులు దట్టంగా ఉంటాయి. లాలాజలం వల్ల విద్యుత్తు తేలిగ్గా పారుతుంది. అలా పుట్టిందే బ్రెయిన్‌పోర్ట్. కళ్లద్దాల మీద కెమెరా, నోట్లో పెట్టుకునే చిన్న బిళ్ల, దాని మీద వందలాది ఎలక్ట్రోడ్లు. బొమ్మ నాలుక మీద చిమచిమలాడుతూ తెలుస్తుంది. 2001లో ఎవరెస్టు ఎక్కిన అంధ పర్వతారోహకుడు ఎరిక్ వైహెన్‌మాయర్ దీన్ని వాడి చూశాడు. 2015లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి వచ్చింది. అది నోట్లో ఉన్నంతసేపు మాట్లాడటానికి, తినడానికి లేదు. ఆ ఇబ్బంది దానికి ఒక పెద్ద అడ్డంకి.

చెవి దారిని ఎంచుకున్నవాడు నెదర్లాండ్స్‌కు చెందిన పీటర్ మైయర్. ఫిలిప్స్ కంపెనీలో పనిచేస్తూ 1992లో ఒక పద్ధతిని ప్రచురించాడు. దాని పేరు వాయిస్. కెమెరా పట్టిన దృశ్యాన్ని అది ఎడమనుంచి కుడికి ఒక్క సెకనులో తుడిచేస్తుంది. పైనున్నది సన్నటి స్వరం, కిందున్నది బొంగురు స్వరం. వెలుగు ఎక్కువైతే శబ్దం పెద్దది, చీకటైతే నిశ్శబ్దం. ఎడమవైపున్నది ఎడమ చెవిలో, కుడివైపున్నది కుడి చెవిలో వినిపిస్తుంది. తెల్లగోడలో చీకటి గుమ్మం ఉందనుకోండి. ఎడమ చెవిలో హోరుమని మొదలై, మధ్యలో చప్పున తెగి, మళ్లీ కుడి చెవిలో హోరు. ఎదురుగా తెల్లటి స్తంభం ఉంటే అన్ని స్వరాలూ ఒకేసారి టప్పున పేలి ఆగిపోతాయి. మెట్లయితే స్వరం మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. నెలల తరబడి సాధన చేసినవాళ్లు దీంతో గదిలో వస్తువుల్ని వెతికి పట్టుకోగలుగుతారు.

మరి ఇది ఇంటింటికీ ఎందుకు రాలేదు? చూపు లేని మనిషి చెవులు అప్పటికే పూర్తిస్థాయి ఉద్యోగంలో ఉన్నాయి. ఆటో ఎటునుంచి వస్తోంది, పక్కన నడుస్తున్నది ఎవరు, గోడ దగ్గరపడిందా, అన్నీ అవే చెప్పాలి. ఆ చెవుల్లోకి సెకనుకోసారి ఒక హోరు పోస్తే ఉన్న ఆసరా కూడా పోతుంది. అదీగాక ఒక్కో కంటినుంచి మెదడుకు వెళ్లే నాడిలో సుమారు 10 లక్షల తంతువులు ఉంటాయి. అంత సమాచారాన్ని నాలుక మీద వందలాది చుక్కల్లోకి కుదించడమంటే కాలువ నీళ్లన్నీ సెలైన్ గొట్టంలోంచి పంపాలనుకోవడమే. పంపేది ఎలాగూ కొంచెమే. ఆ కొంచెంలో ఏది పంపాలో ఎవరు తేలుస్తారు? కుర్చీలో కూర్చున్నవాళ్లు పిడి తిప్పుకుంటూ తమకు కావలసింది తామే ఎంచుకున్నారు. అందుకే 400 చుక్కలే వాళ్లకు అంత పని చేసిపెట్టాయి.

ఆ ప్రయోగాల్లోనే ఇంకో సంగతీ నమోదైంది. చూపులేని ఒక మనిషి ఎంతో సాధన చేసి, చివరికి తన భార్య ఫొటోను వీపు మీద చూశాడు. ముఖం తెలిసింది. మనసులో మాత్రం ఏమీ కదల్లేదు. అతను నిరాశపడ్డాడని బాక్-ఇ-రీటా రాశాడు. ఆకారం వచ్చినంత మాత్రాన దాంతోపాటు అనుబంధం వచ్చెయ్యదు. అది ఏళ్ల తరబడి చూస్తూ చూస్తూ పోగయ్యేది.

కంటి లోపల చిప్

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. మన దేశంలో చూపు పోయినవాళ్లలో ఎక్కువమందికి కావలసింది చిప్పూ కెమెరా కాదు, ఆపరేషన్. 2015 నుంచి 2019 దాకా జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్లు దాటినవాళ్ల అంధత్వానికి 66 శాతం కారణం శుక్లాలని తేలింది. శుక్లం తీసి లెన్సు పెడితే చూపు వస్తుంది. ఏ ఆపరేషనూ పనిచేయని జబ్బులు వేరే ఉన్నాయి. వాటిలో ఒకటి రెటినైటిస్ పిగ్మెంటోసా. రేచీకటితో మొదలై, చుట్టూ చూపు కుంచించుకుపోతూ, చివరికి గొట్టంలోంచి చూసినట్టయి, అదీ పోతుంది. ఇది వంశపారంపర్యం. మేనరికపు పెళ్లిళ్లు ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో ఇలాంటి జబ్బులకు అవకాశం పెరుగుతుంది.

ఈ జబ్బులో రెటీనాలో వెలుగును పసిగట్టే కణాలు చచ్చిపోతాయి. వాటినుంచి కబురందుకునే నాడీకణాల్లో చాలా భాగం బతికే ఉంటాయి. వాటినే విద్యుత్తుతో తట్టిలేపితే? అమెరికా కంపెనీ సెకండ్ సైట్ తయారుచేసిన ఆర్గస్ 2 చేసింది ఇదే. కళ్లద్దాల మీద కెమెరా, నడుముకు ఒక పెట్టె, రెటీనా మీద 60 ఎలక్ట్రోడ్లు. 2011లో ఐరోపాలో, 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. అమర్చుకున్నవాళ్లకు వెలుగు మచ్చలు కనిపించేవి. కిటికీ ఎటుందో, తలుపు ఎక్కడుందో, నేలమీద తెల్లగీత ఎటు పోతోందో తెలిసేది. ఆరోగ్యవంతమైన కంట్లో వెలుగును పట్టే కణాలు కోట్ల సంఖ్యలో ఉంటాయి. 60 చుక్కలతో అంతకంటే ఆశించలేం.

చుక్కలు తక్కువ కావడం ఒక్కటే దాని చిక్కు కాదు. కెమెరా కళ్లద్దాల మీద ఉంది. మనిషి తల తిప్పకుండా కన్ను మాత్రం పక్కకు తిప్పాడనుకోండి. కెమెరా కదలదు, బొమ్మ మారదు. మెదడుకు మాత్రం ‘కన్ను పక్కకు తిరిగింది’ అన్న కబురు అందుతుంది. దాంతో ఎదురుగా ఉన్న వస్తువు పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది. చెయ్యి చాపితే గురి తప్పుతుంది. 1968లో ఇంగ్లండులో గైల్స్ బ్రిండ్లీ ఇలాంటిదే గమనించాడు. చూపు పోయిన ఒక మహిళ మెదడు మీద ఆయన ఎలక్ట్రోడ్లు అమరిస్తే ఆమెకు వెలుగు చుక్కలు కనిపించాయి. ఆమె కళ్లు ఎటు తిప్పితే ఆ చుక్కలూ అటే వెళ్లాయి. కంటి కదలికకు యంత్రం జవాబివ్వకపోతే మెదడు లెక్క తప్పుతుంది. అందుకే ఆర్గస్ వాడేవాళ్లు కళ్లు కదపకుండా తల తిప్పి వెతకడం నేర్చుకోవలసి వచ్చింది.

ఇప్పుడు ప్రిమా అనే కొత్త చిప్ ఈ లెక్కను కొంత సరిచేసింది. స్టాన్‌ఫర్డ్‌లో డానియల్ పలంకర్ రూపొందించిన ఈ చిప్ 2 మిల్లీమీటర్ల చదరం, 378 గడులు. తీగలు లేవు. కళ్లద్దాలు బొమ్మను కంటికి కనిపించని పరారుణ కాంతిగా మార్చి లోపలికి వేస్తాయి. చిప్‌లోని గడులు సోలార్ పలకల్లా ఆ కాంతితోనే నడుస్తాయి. చిప్ కంటితోపాటు కదులుతుంది కనుక కళ్లద్దాలు వేసే బొమ్మ మీద కన్ను తన అలవాటుగా తిరగవచ్చు. జూమ్ మీట కూడా వాడేవాళ్ల చేతిలోనే ఉంటుంది. వయసు మీద పడ్డాక రెటీనా నడిమధ్య పాడైపోయిన 38 మందికి ఐరోపాలో దీన్ని అమర్చారు. ఏడాది పాటు పరీక్షల్లో ఉన్న 32 మందిలో 26 మందికి అక్షరాలు చదివే శక్తి చెప్పుకోదగ్గంత మెరుగైందని 2025 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. చదువు వేగంగా సాగదు. అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. నెలల తరబడి శిక్షణ కావాలి. అయినా చూపు మధ్యలో మాసిపోయిన వయసులో మళ్లీ అక్షరం చదవడం చిన్న విషయం కాదు.

చూపు వచ్చినా...

‘నెలల తరబడి శిక్షణ’ అన్న మాట ఈ రంగంలో ఎక్కడ చూసినా ఎదురవుతుంది. దాని వెనక 300 ఏళ్ల పాత ప్రశ్న ఒకటి ఉంది. 1688లో ఐర్లండుకు చెందిన విలియం మాలినూ తత్వవేత్త జాన్ లాక్‌కు ఉత్తరం రాశాడు. పుట్టుకతో చూపులేని మనిషి గోళాన్నీ ఘనాన్నీ తడిమి తేడా చెప్పగలడు. అతనికి హఠాత్తుగా చూపు వస్తే, ముట్టుకోకుండా కంటితోనే ఏది ఏదో చెప్పగలడా?

దీనికి జవాబు ఢిల్లీలో దొరికింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రొఫెసర్ పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్, పుట్టుకతో చూపులేని పిల్లలకు ఆపరేషన్లు చేయిస్తుంది. అలా చూపు వచ్చిన 8 నుంచి 17 ఏళ్ల లోపు ఐదుగురికి కట్టు విప్పిన కొద్దిరోజుల్లోపే పరీక్ష పెట్టారు. చేత్తో తడిమిన వస్తువును రెండు వస్తువుల్లోంచి కంటితో ఏరమంటే ఊహించి చెప్పినదానికంటే పెద్ద తేడా రాలేదు. కంటితో చూసినదాన్ని కంటితోనే పోల్చమంటే మాత్రం బాగానే చెప్పారు. కొన్ని రోజులు గడిచాక తడిమినదాన్నీ చూసినదాన్నీ కలుపుకోవడం కూడా వచ్చేసింది. 2011లో వచ్చిన ఈ ఫలితాల సారాంశం ఇది: కన్ను బాగైతే సరిపోదు, చూడడం నేర్చుకోవాలి. యంత్రం అమర్చి ఇంటికి పంపించేసి, శిక్షణ ఇచ్చే మనిషిని ఇవ్వకపోతే సగం పనే చేసినట్టు.

కర్ర చెప్పే కబుర్లు

ఇక అన్నిటికంటే చవకైన యంత్రం దగ్గరికి వద్దాం. 1944లో అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనికాసుపత్రికి యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సిపాయిలు వచ్చి చేరుతుండేవారు. వాళ్లకు శిక్షణ ఇచ్చే రిచర్డ్ హూవర్ అప్పటిదాకా వాడుకలో ఉన్న పొట్టి కర్రను పక్కన పెట్టి, పొడుగ్గా తేలిగ్గా ఉండే కర్ర తయారుచేశాడు. తన కళ్లకు గంతలు కట్టుకుని నడక సాధన చేశాడు. కుడికాలు ముందుకు వేస్తుంటే కర్ర ఎడమవైపు తట్టాలి. ఎడమకాలు వేస్తుంటే కుడివైపు తట్టాలి. కాలు వేయబోయే చోటు ఎప్పుడూ ఒక అడుగు ముందే తెలిసిపోతుంది. ఇవాళ ప్రపంచమంతటా నేర్పే పద్ధతి దీనికి కొనసాగింపే.

ఆ తట్టులో ఎన్ని కబుర్లున్నాయో చూడండి. సిమెంటు రోడ్డో మట్టో, తడో పొడో, మెట్టు ఎక్కేదో దిగేదో, మ్యాన్‌హోలు మూత ఉందో లేదో. తట్టిన శబ్దం గోడకు తగిలి తిరిగొస్తే పక్కన గోడ, రాకపోతే సందు. చూపులేని చాలామంది గోడ దగ్గరపడితే ముఖానికి ఏదో తగిలినట్టు తెలుస్తుందని చెబుతుండేవారు. 1940లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డాలెన్‌బాక్ బృందం దీన్ని తేల్చింది. ముఖాన్ని మందపాటి గుడ్డతో కప్పినా వాళ్లు గోడకు ముందే ఆగారు. చెవులు మూసేస్తే వెళ్లి గుద్దుకున్నారు. పని చేస్తున్నది చెవి, తెలుస్తున్నట్టు అనిపించేది ముఖం. అమెరికాకు చెందిన డానియల్ కిష్ నాలుకతో టక్కు టక్కుమని శబ్దం చేసి, దాని ప్రతిధ్వనితో దారి వెతుక్కుంటాడు. ఇలాంటివాళ్లకు ప్రతిధ్వనులు వినిపిస్తూ స్కాన్ చేస్తే దృశ్య కేంద్రమే చురుగ్గా కనిపించిందని 2011లో కెనడా పరిశోధకులు చూపించారు. ఇక్కడా శబ్దం చేసేది ఆ మనిషే. ఎప్పుడు, ఎటు, ఎంత గట్టిగా అన్నది అతని ఇష్టం.

కర్రకు చేతకానిది ఒకటుంది. మోకాలికి పైన ఉన్నది దానికి తగలదు. మన వీధుల్లో అదే ప్రమాదం. ఆగి ఉన్న లారీ వెనక భాగం, కిందికి వాలిన చెట్టుకొమ్మ, బయటికి తెరిచిన కిటికీ రెక్క, కొట్టు ముందు వేలాడే బోర్డు, వీటన్నిటి కిందినుంచి కర్ర దూరిపోతుంది. ముఖం తగులుతుంది. ఐఐటీ ఢిల్లీలో ఎం. బాలకృష్ణన్ బృందం తయారుచేసిన స్మార్ట్‌కేన్ ఈ ఒక్క లోటునే తీరుస్తుంది. కర్ర పిడికి బిగించుకునే ఈ పరికరం గబ్బిలం మాదిరి అతిధ్వని తరంగాలు పంపి, 3 మీటర్ల దాకా ఉన్న అడ్డంకిని పట్టుకుని, దగ్గరవుతున్న కొద్దీ చేతిలో వేరు వేరు రకాలుగా అదురుతుంది. చెవుల జోలికి రాదు. 2014లో బయటికి వచ్చినప్పుడు ధర సుమారు 3,000 రూపాయలు. అదే ప్రయోగశాలనుంచి ఆన్‌బోర్డ్ అనే మరో పరికరం వచ్చింది. బస్టాపులో మీట నొక్కితే దగ్గరకొచ్చిన బస్సుల నంబర్లు చెబుతుంది. కావలసిన నంబరు ఎంచుకుంటే ఆ బస్సు తలుపు దగ్గరున్న స్పీకరు మోగుతుంది. ఆ మోతను పట్టుకుని వెళ్లి ఎక్కడమే. ‘ఇది ఎన్నో నంబరు బస్సండీ?’ అని పక్కవాళ్లను అడిగి, వాళ్లు ఫోనులోంచి తలెత్తేలోపు బస్సు కదిలిపోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ మీట విలువ తెలుస్తుంది.

జేబులో కూర్చున్న చదువరి

స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ లిన్విల్ కూతురు క్యాండీకి చూపు లేదు. ఆమె కోసం ఆయన 1960లలో మొదలుపెట్టిన పని 1971కల్లా ఆప్టకాన్ అనే యంత్రంగా బజారుకు వచ్చింది. కుడిచేత్తో చిన్న కెమెరాను అచ్చు అక్షరాల మీద జరుపుతుంటే ఎడమచేతి చూపుడువేలి కింద 144 సన్నటి సూదులు ఆ అక్షరం ఆకారంలో అదురుతాయి. అచ్చులో ఏ లిపి ఉన్నా సరే, వేలికి ఆకారం అందుతుంది. 1976లో రే కుర్జ్‌వైల్ ఇంకో దారి తీశాడు. బట్టలుతికే మెషీనంత ఉండే ఆయన యంత్రం పుస్తకాన్ని స్కాన్ చేసి, అక్షరాల్ని తానే పోల్చుకుని, పైకి చదివి వినిపించింది. గాయకుడు స్టీవీ వండర్ దాన్ని మొదట్లోనే కొన్నాడు.

ఈ రెండు యంత్రాల మధ్య పెద్ద తేడా ఉంది. ఆప్టకాన్ ఉన్నదున్నట్టు అందిస్తుంది, అర్థం చేసుకునే కష్టమంతా మనిషిదే. కుర్జ్‌వైల్ యంత్రం కష్టమంతా తానే పడుతుంది, కానీ తప్పు చదివితే వినేవాడికి తెలిసే దారి లేదు. మార్కెట్ రెండోదాన్నే గెలిపించింది. 1996లో ఆప్టకాన్ తయారీ ఆగిపోయింది. ఇవాళ ఫోన్లలో ఉన్నవన్నీ కుర్జ్‌వైల్ సంతానమే. 2017లో వచ్చిన సీయింగ్ ఏఐ అనే యాప్ కాగితాన్ని చదువుతుంది, ఎదుటి మనిషి గురించి చెబుతుంది. మైక్రోసాఫ్ట్‌లో దానికి నాయకత్వం వహించిన సాఖిబ్ షేక్‌కు చూపు లేదు. కాగితం ముందు ఫోను పెట్టగానే అది ఏ అంచు కెమెరాలోకి రాలేదో చెబుతుంది. కొంచెం జరిపితే ఇంకో అంచు సంగతి చెబుతుంది. నాలుగు అంచులూ కుదిరాక ఫొటో తీసి చదువుతుంది. మన రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో విడుదల చేసిన మణి యాప్ నోటు ముందు కెమెరా పెడితే దాని విలువ పలుకుతుంది. ఇంటర్‌నెట్ అక్కర్లేదు.

ఇటీవలి కృత్రిమ మేధ యాప్‌లు ఫొటో చూపిస్తే పేరాలకు పేరాలు వర్ణిస్తాయి. లేనివాటిని కూడా అంతే ధీమాగా వర్ణించగలవు. చొక్కా రంగు తప్పు చెబితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మాత్రల షీటు మీద మోతాదు తప్పు చదివితే? అందుకే ఇలాంటి యాప్ విలువ అది ఎంత పెద్ద వర్ణన ఇస్తుందన్న దాంట్లో లేదు. తిరిగి అడగనిస్తుందా, ‘మూలన ఉన్న చిన్న అంకెలు ఏమిటి, గడువు తేదీ ఎక్కడుంది’ అని తవ్వి ప్రశ్నించనిస్తుందా అన్నది చూడాలి. ప్రశ్న మనదైతే పిడి మన చేతిలో ఉన్నట్టే.

తెలుగు చదువరికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. మన లిపిలో వత్తులు కిందికి, గుణింతాలు పైకి పోతాయి. ఇంగ్లిషు అక్షరాల్లా వరుసగా ఉండవు. అందువల్ల అచ్చు తెలుగును యంత్రం పోల్చుకోవడం కష్టమై, ఆలస్యంగా దారికొచ్చింది. దానికి పరిశోధకులు తంటాలు పడ్డారు. మనం మనకు తెచ్చిపెట్టుకున్న కష్టం ఇంకోటి ఉంది. దశాబ్దాలుగా తెలుగు పుస్తకాలు, పత్రికలు ఎక్కువగా అను లాంటి పాత ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. కంటికి అది చక్కటి తెలుగు. ఫైలు లోపల ఉన్నది మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. తెర మీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టి వింటే గోల తప్ప మాట వినపడదు. అదే పుస్తకం తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్‌లో ఉంటే ఏ సాదా స్మార్ట్‌ఫోనైనా చదివి పెడుతుంది. అంధ పాఠకుల కోసం పుస్తకాల్ని మార్చుకునేందుకు కాపీరైటు అడ్డం రాకుండా చూసే మారకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలోనే మొదట ఆమోదించింది భారతదేశం. చట్టం దారి తెరిచింది. కంపోజింగ్ టేబుల్ దగ్గర దారి మూసుకుపోతోంది.

కంపెనీ మూతపడితే

కెమెరా ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు ఇంకో అర్థం కూడా ఉంది. 2019లో సెకండ్ సైట్ కంపెనీ ఆర్గస్ తయారీ ఆపేసింది. అప్పటికి ప్రపంచంలో 350 మందికి పైగా దాన్ని అమర్చుకుని ఉన్నారు. పాడైతే బాగుచేసేవాళ్లు లేరు, విడిభాగాలు లేవు. కంట్లో చిప్ మాత్రం ఉంది. 2022లో ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక ఈ కథను బయటపెట్టాక గానీ ప్రపంచానికి తెలియలేదు. చూపు తెచ్చిపెట్టిన యంత్రం ఒక కంపెనీ లాభనష్టాల మీద ఆధారపడితే ఆ చూపు అద్దెకున్నట్టే.

దీనికి భిన్నంగా 2006లో ఆస్ట్రేలియాలో జరిగింది చూడండి. అప్పట్లో కంప్యూటరు తెరను చదివిపెట్టే సాఫ్ట్‌వేర్లకు చాలా ఖరీదుండేది. చూపులేని కుర్రాడు మైకేల్ కరన్ సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టాడు. చూపులేని మరో స్నేహితుడు జేమ్స్ టే అతనితో కలిశాడు. దాని పేరు ఎన్‌వీడీఏ. ఉచితం, పైగా దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. మొదలుపెట్టినవాళ్లు దాన్ని వదిలేసినా ఇంకెవరైనా అందుకుని నడపవచ్చు. ఏ భాష వాళ్లైనా తమ భాషను అందులో చేర్చుకోవచ్చు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది వాడే స్క్రీన్ రీడర్లలో అది ఒకటి.

గూగుల్ ఇంజినీరు టి.వి. రామన్‌ది కూడా ఇదే దారి. గ్లాకోమా వల్ల 14 ఏళ్లకు ఆయన చూపు పోయింది. టచ్ ఫోన్లు వచ్చిన కొత్తలో నున్నటి అద్దం మీద అంకె ఎక్కడుందో తెలియక చూపులేనివాళ్లు ఇబ్బంది పడుతుంటే ఆయన, ఆయన సహోద్యోగి చార్లెస్ చెన్ సమస్యను తలకిందులు చేశారు. మీట ఎక్కడుందో వేలు వెతుక్కోనక్కర్లేదు. వేలు ముందు ఎక్కడ తాకితే అదే 5. దాన్నిబట్టి పైకి జరిపితే 2, కిందికి జరిపితే 8. చూపున్న ఇంజినీరు తెరను చూస్తూ ఆలోచిస్తాడు కనుక ఈ ఉపాయం తట్టడం కష్టం. వేలితో బతికేవాడికి అది సహజంగా తడుతుంది.

కొత్త పరికరం గురించి వార్త వచ్చినప్పుడల్లా ‘అంధులకు చూపు’ అన్న శీర్షిక ఖాయం. అలాంటి వార్త చదివినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏం చూడాలో వాడే మనిషి నిర్ణయించుకోగలడా? నేర్పే మనిషి దగ్గర్లో దొరుకుతాడా? కంపెనీ పోతే యంత్రం బతుకుతుందా? తయారీ బల్ల దగ్గర చూపులేనివాళ్లు ఎంతమంది కూర్చున్నారు? 400 బొడిపెల కుర్చీనుంచి ఇవాళ్టి ఫోను దాకా నిలబడినవి ఈ ప్రశ్నల్లో ఎక్కువ వాటికి సరైన జవాబు చెప్పినవే. మన తెలుగు యాప్ అయినా, మన పుస్తకం ఫైలైనా, మన బస్సు నంబరు బోర్డైనా నెగ్గాల్సిన పరీక్ష ఇదే. అందులో సగం మార్కులు పరిశోధనశాలలు తేవాలి. మిగతా సగం కంపోజర్లు, ప్రచురణకర్తలు, ఆర్టీసీ డిపోలు తేలిగ్గా తేగలిగినవే.